అక్క అడిగిన బోర్డు

ఆ ఏడు ఎండాకాలంలో నాన్న అక్క ఇంటి తలుపుకి బోర్డు రాశాడు. ఒకే చెక్క మీద రెండుసార్లు రాశాడు. మొదటిసారి మా షాపులో, రెండోసారి విమానం దిగాక అక్క వంటగదిలో.

టికెట్లు ఏప్రిల్‌లో వచ్చాయి. ముగ్గురికీ అక్కే పంపింది. పెళ్ళై వేరే దేశం వెళ్ళాక అక్క రెండుసార్లు వచ్చి వెళ్ళింది కానీ, మేము వెళ్ళడం అదే మొదలు. ఏం తీసుకెళ్ళాలన్న దాని మీద ఇంట్లో రోజూ ఒక మాట నడిచేది.

మా ఇల్లూ షాపూ ఒకటే. ముందు గదిలో నాన్న బోర్డులు రాస్తాడు, వెనక గదుల్లో మేముంటాం. ఆర్డర్లు తీసుకునేది అమ్మ. ఏం రాయాలో, ఏ రంగో, ఎప్పటికి కావాలో అమ్మే అడుగుతుంది. నాన్న తలెత్తడు. నేను రెండు వీధుల అవతల ఫ్లెక్సీలు వేసే షాపులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. నాన్న వారమంతా రాసేది మేము మధ్యాహ్నం లోపు వేసేస్తాం. "శత్రువుని కని పెంచాను" అని షాపుకి వచ్చినవాళ్ళకి నన్ను చూపిస్తాడు.

ఆ ఆదివారం అమ్మ అక్కకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఫోన్‌ని స్టూలు మీద ఉంచింది.

"దుప్పట్లు తెస్తాను. నూలువి."

"ఇక్కడ దొరుకుతాయమ్మా."

"తువ్వాళ్ళు?"

"దొరుకుతాయి."

"మూతలున్న స్టీలు గిన్నెలు?"

"అవీ దొరుకుతాయి. పైగా బరువు."

"అన్నీ దొరికే చోటికి మేమెందుకే రావడం? దొరకనిదేదో చెప్పు."

అక్కడ తను మందుల షాపులో పనిచేస్తుంది. వెనక ఎవరో ఏదో అడుగుతున్న గొంతు వినిపించింది.

"నాన్నని తలుపుకి ఒక బోర్డు రాయమను."

"ఏమని రాయాలి?"

"మన ఇంటిపేరు. అంతే."

"అల్లుడుగారి పేరూ నీ పేరూ వద్దా?"

"వద్దమ్మా. మన ఇంటిపేరు చాలు. పిలుస్తున్నారు, ఉంటాను."

నాన్న చేతిలో బ్రష్షుని కిరసనాయిల్లో ముంచి, గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. అప్పుడే చెక్క కోశాడు. మా ఇంటిపేరు రెండక్షరాలు. రెండక్షరాలకి ఎంత కావాలో అంతే కోశాడు.

మర్నాడు అమ్మ ఆ చెక్క చూసింది.

"ఇంత చిన్నదేమిటండీ? నాలుగు ఎలా పడతాయి?"

"నాలుగెక్కడివి? రెండేగా."

"అల్లుడుగారి ఇంటిపేరు నాలుగక్షరాలు."

"అది మన ఇంటిపేరంది."

"పెళ్ళైనదానికి మన ఇంటిపేరేమిటి?"

"నన్నడుగుతావేం? అన్నది అది."

అమ్మ చెక్కని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టింది. నాన్న అన్నదాంట్లో ఒక సంగతి ఉంది, అది మా ముగ్గురికీ తెలుసు. పెళ్ళైన కొత్తలో అక్క వాళ్ళ అత్తగారితో కలిసి మా ఇంటికి వచ్చింది. "మనింట్లో ఫ్యాను ఇంకా అదే చప్పుడు చేస్తోందే" అంది. అత్తగారు నవ్వి, "ఏ ఇల్లమ్మా?" అని అడిగింది. అమ్మ అక్కని వంటగదిలోకి పిలిచి దిద్దింది. "ఇది మీ ఇల్లు అనాలి. అక్కడిది మా ఇల్లు అనాలి. నోటికి అలవాటు చేసుకో." అక్క అలవాటు చేసుకుంది. ఆ తర్వాత ఫోన్‌లో ఎప్పుడూ తప్పలేదు. మీ ఇంట్లో కరెంటుందా, మా ఇంట్లో చలిగా ఉంది, మీ వీధి, మా వీధి. మన అన్న మాట ఆ ఆదివారం దాకా మేము వినలేదు.

మా పక్క మెట్టు మీద కూర్చుని తాళాలు బాగుచేసే ఆయనకి ఈ గొడవంతా వినపడింది. వినపడకపోయినా అడిగేవాడు.

"మాస్టారూ, మన అంటే చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ కలిపి. ఇప్పుడు నేను మీ ఆవిడతో 'మన ఇల్లు' అన్నాననుకోండి, మీరు ఊరుకుంటారా?"

"నిచ్చెన ఎత్తుకుని వెంటపడతాను."

"చూశారా! మాట తేడా వస్తే కాళ్ళు విరుగుతాయి."

"అన్నయ్యగారూ, మీ తాళాలు మీరు చూసుకోండి" అంది అమ్మ. తర్వాత నాన్న వైపు తిరిగింది. "అది మాట్లాడేటప్పుడు పక్కన అల్లుడుగారు ఉండుంటాడు. అతన్ని కలుపుకుని మన అంది."

"పక్కనున్నది మందుల షాపు."

"వాళ్ళ తలుపు మీద మన పేరు వేలాడితే అతనికెలా ఉంటుంది? ఇల్లరికం వచ్చినట్టుండదూ?"

"అక్కనే అడిగితే పోయె" అని నేను ఫోన్ తీశాను.

"అడగక్కర్లేదు" అంది అమ్మ. నేను నంబరు నొక్కలేదు.

షాపులో ఒక పద్ధతి ఉంది. ఆర్డరిచ్చినవాళ్ళు ఏం చెబితే అదే రాయాలి, తప్పున్నా సరే. ఒకాయన 'చౌక ధరలకు' అనబోయి 'చౌక దొరలకు' అని రాసిచ్చాడు. నాన్న అలాగే రాశాడు. అడిగితే, "అక్షరం వాళ్ళది, రంగు మనది" అన్నాడు. ఆ బోర్డు చూసి నవ్వుకోవడానికి ఆగినవాళ్ళలో సగం మంది లోపలికి వెళ్ళి ఏదో ఒకటి కొన్నారట. ఆయన బోర్డు మార్చలేదు.

"దీనికి ఆర్డరిచ్చింది ఎవరు?" అన్నాడు నాన్న.

"తీసుకున్నది నేను" అంది అమ్మ.

నాన్న పని మొదలుపెట్టాడు. చెక్కకి తెల్లరంగు వేసి, ఆరాక చాక్‌పీసుతో గీతలు కొట్టాడు. నాలుగక్షరాలు ఇరికించాలంటే ఒక్కోటీ సన్నగా, నిలువుగా రాయాలి. అలాగే రాశాడు. తలకట్లు ఎప్పుడూ చివరికి ఉంచుతాడు, అన్నీ ఒకేసారి, చెయ్యి ఒకే ఎత్తులో ఉండేలా. అవి కూడా పెట్టాక బోర్డుని గోడకి ఆనించి దూరం నుంచి చూశాడు.

"బస్సులో సీటు దొరకనివాళ్ళలా ఉన్నాయి మాస్టారూ" అన్నాడు తాళాలాయన.

ప్రయాణం దగ్గర పడ్డాక అమ్మా నేనూ వియ్యపురాలిగారి ఇంటికి వెళ్ళాం. ఊళ్ళోనే, అవతలి చివర. ఎవరైనా అటు వెళ్తున్నారని తెలిస్తే చాలు, ఆవిడ కొడుక్కి మూట సిద్ధం చేసేది. అక్క వచ్చి వెళ్ళిన రెండుసార్లూ బనియన్ల దగ్గర్నుంచి గోళ్ళు తీసుకునే కత్తెర దాకా సర్ది పంపింది. కత్తెర అక్కడ దొరకదా అని అక్క అడిగితే, "వాడి గోళ్ళు నాకు తెలుసమ్మా" అందట. అందుకని అమ్మ ఒక సంచి ఆవిడ కోసమే ఖాళీగా ఉంచింది.

ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ప్రయాణం ఎప్పుడని అడిగింది. అక్కడ ఎండలుంటాయో లేదో మాట్లాడుకున్నారు.

"అబ్బాయికి ఏమిస్తారో ఇవ్వండి వదినగారూ. ఒక సంచి అట్టే పెట్టాను" అంది అమ్మ.

"ఏం లేవండీ. మీ సామానే మీకు బరువు."

"బరువేముంది. ఒక జత బట్టలైనా ఇవ్వండి. మేము ఉత్త చేతుల్తో వెళ్తే, మా అమ్మ ఏం పంపలేదా అంటాడు."

"మొన్ననే పంపాం. వాడుండే ఊరికి ఎవరో వెళ్తుంటే."

అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"వాడుండే ఊరికి" అంది. అడిగినట్టు అనలేదు.

ఆవిడ లేచి ఫ్యాను వేగం తగ్గించింది. మళ్ళీ వచ్చి కూర్చుని, "మీ చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?" అని అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేనన్నాను. "అమ్మా, ఆవిడ వాళ్ళుండే ఊరు అనలేదు."

"పెద్దావిడ. నోటికేదొస్తే అదంటుంది."

"ఆవిడ నీకన్నా చిన్నదేమో."

"నువ్వు బయటికి చూస్తూ కూర్చో."

ఇంటికొచ్చాక ఖాళీగా ఉంచిన సంచిలో అమ్మ దుప్పట్లు పెట్టింది. పట్టగా మిగిలిన చోట తువ్వాళ్ళు కుక్కింది. ఆవిడ ఏమందో నాన్నకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బోర్డుని పేపర్లో చుట్టి, దుప్పట్ల మధ్య పెట్టింది. నాన్న తన బట్టల్లో రెండు బ్రష్షులు పెట్టుకోవడం చూసి, "అక్కడెవరికి రాస్తారు?" అంది.

"అలవాటు" అన్నాడు నాన్న.

మే నెల మధ్యలో దిగాం. ఎయిర్‌పోర్ట్‌కి అక్క ఒక్కతే వచ్చింది. చిక్కలేదు. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. అమ్మ ఆ జుట్టుని చేత్తో ఒకసారి ముట్టుకుని వదిలేసింది.

"బావ రాలేదా?" అన్నాను.

"డ్యూటీ" అంది అక్క. అమ్మ సామాను లెక్కపెడుతోంది.

అక్క ఉండేది మేడ మీద. రెండు గదులు, ఒక వంటగది. కింద ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ ఉంటుంది. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలున్నాయి. మూడింటి కాళ్ళకి ప్లాస్టిక్ ఇంకా తీయలేదు. నడవలో గోడ పక్కన ఒక పెద్ద చక్రాల పెట్టె నిలబెట్టి ఉంది. దాని మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద ఒక మొక్క కుండీ పెట్టింది.

సంచులు విప్పాం. దుప్పట్లు చూసి అక్క నవ్వింది. "దొరుకుతాయన్నవన్నీ ఏరి ఏరి తెచ్చారు."

"మనం కొన్న నూలు వేరు" అంది అమ్మ.

అక్క పేపరు విప్పి బోర్డు తీసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. వేలితో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తడిమింది.

"బాగుంది నాన్నా. తలకట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి."

"ఇరుకైంది" అన్నాడు నాన్న.

"చెక్క చిన్నది కదా."

"ఆ. చిన్నదే కోశాను."

అక్క నాన్న వైపు చూసింది. తర్వాత బోర్డుని అవే మడతల్లో మళ్ళీ చుట్టి బీరువా మీద పెట్టింది. అన్నం వడ్డిస్తానని వంటగదిలోకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న అక్క స్టవ్ దగ్గర నిలబడి పాలు కాస్తోంది. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. నాన్న గుమ్మంలో నిలబడి గ్లాసుతో నీళ్ళు తాగుతున్నాడు. నేను పడుకున్న పక్కలు తీస్తున్నాను.

"అల్లుడుగారి డ్యూటీ ఎప్పుడవుతుంది?" అంది అమ్మ.

"రాడమ్మా."

"ఇవాళా?"

"ఇక రాడు."

అమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలం నుంచి. వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చిందన్నాడు. మొదట్లో శని, ఆదివారాలు వచ్చేవాడు. తర్వాత మానేశాడు."

"కొట్టాడా?"

"లేదు."

"ఇంకెవరైనా ఉన్నారా?"

"తెలీదు. నేనడగలేదు. నాతో ఉండలేనన్నాడు. నేనూ ఉండమని బతిమాలలేదు."

"ఇంత జరిగితే మాకు చెప్పొద్దూ?"

అక్క స్టవ్ కట్టేసింది. పాలగిన్నె దించి పక్కన పెట్టింది.

"చెప్పాను కదమ్మా."

"ఎప్పుడు చెప్పావు?"

"బోర్డు అడిగినప్పుడు."

కింద ఇంటావిడ గేటు తీసిన చప్పుడయింది. నాన్న గ్లాసులో నీళ్ళు ఇంకా ఉన్నాయి, తాగడం ఆపేశాడు. అమ్మ బల్ల మీద తన చేతుల వైపు చూస్తోంది.

"విన్నాను" అంది.

అక్క గ్లాసులు కడిగింది. పాలు నాలుగు గ్లాసుల్లో పోసింది. ఎవరి గ్లాసు వాళ్ళ ముందు పెట్టింది. అమ్మ తాగింది. తాగాక లేచి, తన కుర్చీని బీరువా దాకా లాక్కెళ్ళి ఎక్కబోయింది. నేను పట్టుకున్నాను. బోర్డు తీసి, పేపరు విప్పి, బల్ల మీద నాన్న ముందు పెట్టింది.

"చెరిపేయండి."

"ఉప్పుకాగితం కావాలి" అన్నాడు నాన్న.

అక్కా నేనూ వెళ్ళి తెచ్చాం. రెండు వీధుల అవతల రంగులు, మేకులు అమ్మే షాపుంది. నాన్న చెప్పిన రంగులు చిన్న డబ్బాల్లో దొరికాయి. దారిలో అక్క, "నాన్నకి ముందే తెలుసా?" అని అడిగింది. నేను చెక్క కోసిన సంగతి చెప్పాను. తాళాలాయన అన్న మాట కూడా చెప్పాను. అక్క నడుస్తూ నవ్వింది, నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

నాన్న వంటగదిలో నేల మీద పేపర్లు పరిచి కూర్చున్నాడు. నాలుగక్షరాలూ పోయేదాకా చెక్కని ఉప్పుకాగితంతో రుద్దాడు. చాలాసేపు పట్టింది. పొడి లేచి అమ్మ తుమ్మింది కానీ అక్కణ్ణుంచి కదల్లేదు. తెల్లరంగు వేశాడు. ఆ రోజంతా ఆరనిచ్చాడు. మర్నాడు గీతలు కొట్టాక బ్రష్షు రంగులో ముంచి, షాపులో ఎలా అడుగుతాడో అలాగే అమ్మని అడిగాడు.

"ఏం రాయాలి?"

అమ్మ అక్క వైపు తిరిగింది. "చెప్పవే."

అక్క చెప్పింది. నాన్న రాశాడు. రెండక్షరాలూ ఒళ్ళు విరుచుకుని కూర్చున్నాయి.

తలుపుకి మేకు కొట్టడానికి ఇంటావిడ ఒప్పుకోలేదు. మా షాపులో ఫ్లెక్సీలకి వాడే రెండు వైపులా అంటుకునే టేపు లాంటిది నేను కొనుక్కొచ్చి అంటించాను. "చివరికి శత్రువే దిక్కయింది" అన్నాడు నాన్న. ఇంటావిడ మెట్లెక్కి వచ్చి బోర్డు చూసి, ఎలా చదవాలని అడిగింది. అక్క రెండుసార్లు పలికి వినిపించింది. ఆవిడ రెండో అక్షరం తప్పు పలికింది. "అదే" అంది అక్క. రెండు రోజుల తర్వాత ఆవిడ తన గేటు మీద అంకెలు రాయించుకుంది. ఆ ఆర్డరు అమ్మే తీసుకుంది. ఒకరి మాట ఒకరికి రాదు. అంకెలు వేళ్ళతో చూపించుకున్నారు, రంగు కోసం ఆవిడ ఆకుని చూపించింది.

ఉన్నన్నాళ్ళూ అమ్మ బావ గురించి మళ్ళీ అడగలేదు. ఒక్కసారి, తిరుగు ప్రయాణానికి సంచులు సర్దుతూ, నడవలో పెట్టె చూపించి, "అందులో ఏముంది?" అంది.

"అతనివి. కోటు, బూట్లు, పుస్తకాలు, వాళ్ళమ్మ పంపినవి కొన్ని. వచ్చి తీసుకెళ్తానన్నాడు. పారేద్దామని రెండుసార్లు కిందకి దించాను. పారేయలేకపోయాను."

"మేము తీసుకెళ్తాం."

"ఎందుకమ్మా, అంత బరువు?"

"తెచ్చినవన్నీ నీకే వదిలేశాం. చేతులు ఖాళీ."

అక్క మొక్క కుండీ దించింది. గుడ్డ మడిచింది. నాన్న పెట్టెని ఒకసారి ఎత్తి చూసి తాడు కట్టాడు. ఎయిర్‌పోర్ట్‌లో అక్క, "ఇంటికెళ్ళగానే ఫోన్ చేయండి" అంది. ఏ ఇల్లో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

జూన్‌లో తిరిగొచ్చాం. వచ్చిన వారం అమ్మా నేనూ ఆ పెట్టె ఆటోలో వేసుకుని వియ్యపురాలిగారి ఇంటికి వెళ్ళాం. ముందుగా ఫోన్ చేయలేదు. ఆవిడే తలుపు తీసింది. పెట్టె చూసింది. ఎవరిదని అడగలేదు.

"మీరు మోసుకొచ్చారా?" అంది.

"చక్రాలున్నాయి వదినగారూ. ఒకటి దారిలో విరిగింది."

ఆవిడ తాడు మీద చెయ్యి వేసింది. "ఆ రోజు మీరు వచ్చినప్పుడే నేను చెప్పాల్సింది" అంది.

"చెప్పారుగా" అంది అమ్మ.

గుమ్మం ఎత్తుగా ఉంది. ఆవిడ ఒంగి పెట్టెని ఒక వైపు పట్టుకుంది. నేను ముందుకి వెళ్ళేలోపే అమ్మ రెండో వైపు పట్టుకుంది.

"మెల్లగా వదినగారూ, బరువుంది."

"మీరూ మెల్లగా."

ఇద్దరూ కలిసి దాన్ని లోపలి గదిలోకి మోశారు.